నీళ్ళు బాగా తాగినందుకు సర్టిఫికెట్

నన్ను దవాఖానాలో చేర్చిన మర్నాడు పొద్దున్నే, నీళ్ళు బాగా తాగినందుకు మా కంపెనీ నాకు సర్టిఫికెట్ పంపింది.

ఎడమచేతికి సెలైన్ ఎక్కుతుంటే కుడిచేత్తో ఫోన్ తెరిచి చూశాను. నీలిరంగు అంచు, మధ్యలో నీటిచుక్క బొమ్మ, దాని కింద నా పేరు. నెలంతా రోజుకు ఎనిమిది గ్లాసులు తప్పకుండా తాగానట. ఇంటి నుంచి పని చేస్తూ కూడా ఆరోగ్యంగా ఎలా ఉండొచ్చో తోటివాళ్ళకు చేసి చూపించానట. సరిగ్గా అప్పుడే మంచం పక్కన నిలబడి డాక్టరు నన్ను తిడుతున్నాడు. "అసలు నీళ్ళనేవి తాగుతున్నవా లేదా తల్లీ? అడవిల తప్పిపోయినోళ్ళకు కూడ ఇంత ఎండిపోదు ఒళ్ళు."

ఆ రెండిట్లో డాక్టరు మాటే నిజం. సర్టిఫికెట్‌లో ఉన్న అబద్ధం నేను ఆడిందే, ఆ తప్పు నేను వేరేవాళ్ళ మీదికి నెట్టను. కానీ బుద్ధి తెలిసిన మనిషి చేత, ఇద్దరు పిల్లల తల్లి చేత, నీళ్ళు తాగకుండానే తాగానని రోజుకు ఎనిమిదిసార్లు అబద్ధమాడించింది ఏమిటో చెప్పకపోతే నా కోపం చల్లారదు. చెప్పాక చల్లారుతుందన్న నమ్మకమూ లేదు.

మాది ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరు. నేను హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు తమ దవాఖానా బిల్లులు పంపిస్తే ఆ కాగితాలు నా లాప్‌టాప్‌లోకి వస్తాయి. ఏ జబ్బు, ఎన్ని రోజులున్నారు, ఏ పరీక్షలు చేశారు, అన్నీ చూసి, ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ ఉంటుంది, అది కొట్టి ముందుకు పంపాలి. కిడ్నీలో రాయికి ఏ కోడో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎండలు ముదిరితే ఆ కాగితాలు కుప్పలుగా వచ్చిపడతాయి. వాటిని చూస్తూ, "వీళ్ళకు నాలుగు గుక్కల నీళ్ళు తాగడానికేం మాయరోగం" అని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

మా ఇంట్లో సిగ్నల్ అందేది ముందు గదిలో కిటికీ పక్కన ఒక్కచోటే. అక్కడ నా కుట్టుమిషన్ ఉండేది. దాని తల లోపలికి మడిచి, పైపలక మీద లాప్‌టాప్ పెట్టాను. అదే నా ఆఫీసు. కాళ్ళ కింద మిషన్ తొక్కే పలక అలాగే ఉండిపోయింది. కాగితాలు చూస్తూ ఊరికే దాన్ని తొక్కేదాన్ని. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నా ఒంటికి దొరికిన కదలిక అంతే.

ఇక ఆ చుక్క సంగతి. స్క్రీన్ మీద కుడివైపు మూలన నా పేరు పక్కన ఒక పచ్చచుక్క ఉంటుంది. మౌస్ కదలకుండా అయిదు నిమిషాలు దాటితే అది పసుపవుతుంది. పసుపైతే పైన ఎవరికో తెలుస్తుంది. రోజుకు మూడుసార్లు పసుపైతే టీమ్ లీడర్ నుంచి మెసేజ్ వస్తుంది, "అంతా ఓకేనా అండీ?" అని. చదవడానికి పరామర్శలాగే ఉంటుంది. నెలలో అలాంటి పరామర్శలు నాలుగు దాటితే మన పేరు వేరే జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితాలోకి ఎక్కినవాళ్ళు ఒకరిద్దరు తర్వాత నెల మీటింగుల్లో కనిపించలేదు.

పదకొండింటికి పది నిమిషాలు, నాలుగింటికి పది నిమిషాలు, మధ్యలో భోజనానికి అరగంట. ఆ వేళల్లో చుక్క బూడిదరంగులోకి మారుతుంది, ఎవరూ అడగరు. అంటే నా ఒంటికి పదకొండింటికీ, ఒంటిగంటకూ, నాలుగింటికీ మాత్రమే అవసరం పడాలని ఎవరో ఏసీ గదిలో కూర్చుని తీర్మానించారన్నమాట. వాళ్ళ గదికీ బాత్రూముకీ మధ్య పది అడుగులుంటాయేమో. మా మరుగుదొడ్డి పెరటి చివర, పశువుల కొట్టం దాటాక ఉంటుంది. తొట్టిలోంచి బకెట్టుతో నీళ్ళు ముంచుకుని, దారిలో కట్టేసి ఉన్న బర్రెను పక్కకు జరిపి, పోయి, వచ్చి, కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చునేసరికి ఎనిమిది నిమిషాలు. నెలసరి రోజుల్లో పన్నెండు. ఆ చుక్కకు బర్రె సంగతి తెలియదు, నెలసరి సంగతి తెలియదు.

అందుకని నీళ్ళు తాగడం మానేశాను. ఒకేసారి మానలేదు. మొదట మధ్యాహ్నం తగ్గించాను, తర్వాత పొద్దున చాయ్ మానేశాను, తర్వాత అన్నంలో మజ్జిగ. నోరు ఎండితే ఒక గుక్క పుక్కిలించి ఊసేదాన్ని. నా టీమ్‌లో పదకొండుమంది ఆడవాళ్ళం, ఒక్కొక్కళ్ళం ఒక్కో ఊళ్ళో. ఎవరి ముఖం ఎవరికీ సరిగా తెలియదు. వాళ్ళూ ఇదే చేస్తున్నారని నాకు అప్పుడు తెలియదు. నేనొక్కదాన్నే తెలివిగా ఉపాయం కనిపెట్టాననుకున్నాను.

దీని మీద బుధవారం పాఠం ఒకటి. వారానికోసారి మధ్యాహ్నం ఆరోగ్యం మీద క్లాసు పెడతారు. అందరం కెమెరాలు వేసుకుని కూర్చోవాలి. ఆ గంట సేపు మాత్రం చుక్క పచ్చగానే ఉంటుంది, కాల్‌లో ఉన్నాం కాబట్టి. క్లాసు చెప్పే అబ్బాయి వెనక కుండీల్లో మొక్కలు, పక్కన గాజుసీసాలో నిమ్మచెక్కలు వేసిన నీళ్ళు. అరగంటకోసారి లేవండి, నాలుగడుగులు వేయండి, మీ శరీరం చెప్పేది వినండి, నీళ్ళే మందు అని నవ్వుతూ చెబుతాడు. ఒక బుధవారం ఉండబట్టలేక చాట్‌లో రాశాను. సార్, లేస్తే చుక్క పసుపవుతోంది, ఏం చేయాలి అని. ఆయన నవ్వుబొమ్మ ఒకటి పెట్టి, చాలా మంచి ప్రశ్న, మీ విరామాలను ప్లాన్ చేసుకోండి అని రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఒంటిని నేను ప్లాన్ చేసుకోవాలట.

ఆ క్లాసులతోపాటే ఫోన్‌లో ఒక యాప్ పెట్టించారు. గంటకోసారి టింగుమని మోగి, నీళ్ళు తాగారా అని అడుగుతుంది. అవును అని నొక్కితే గ్లాసు బొమ్మ నిండుతుంది. నొక్కకపోతే టీముల పట్టికలో మన టీమ్ కిందికి జారుతుంది. నా ఒక్కదాని వల్ల పదిమంది వెనకబడటం ఎందుకని నొక్కేదాన్ని. మా అత్తమ్మ ఒకరోజు గడపలో కూర్చుని ఆ మోత విన్నది.

"ఏందది, గంటకోపాలి మొత్తుకుంటది?"

"నీళ్ళు తాగినవా అని అడుగుతది అత్తమ్మా."

"తాగినవా మరి?"

"తాగిన అని చెప్పిన."

"దానికి చెప్పుడు కాదు పిల్లా. తాగినవా?"

నేను స్క్రీన్ వైపు తిరిగిపోయాను. నిజానికి అప్పటికి మా ఇద్దరి మధ్య అంత మాటా మంతీ లేదు. కోడలు నీడపట్టున కూర్చుని పంఖా కింద సంపాదిస్తున్నదని ఆమె లోపల్లోపల గర్వపడేది, అదే మాట మీద నన్ను దెప్పేది కూడా. ఊళ్ళోవాళ్ళదీ అదే వరస. "నీకేందమ్మా, కూసున్న కాడికే పైసలొస్తయ్" అని ఎదురైన ప్రతి మనిషీ అనేది. నడుం నొప్పి అంటే నవ్వేవాళ్ళు. కూర్చునేదానికి నడుం నొప్పేమిటని.

మా అత్తమ్మ మిర్చి ముఠాకు పెద్ద. మిరపకాయలు ఏరే రోజుల్లో మా ఊరి నుంచీ, పక్క గూడెం నుంచీ ఇరవైమంది ఆడవాళ్ళు తెల్లవారకముందే ట్రాలీ ఆటో ఎక్కి తల్లాడ దాకా పోతారు. ముఠాను పిలుచుకుపోవడం, సాళ్ళు పంచడం, రైతుతో మాట్లాడటం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో నేనూ రెండేళ్ళు ఆ ముఠాలో పోయాను. తలా ఒక సాలు పట్టుకుని వంగి ఏరుకుంటూ పోవాలి. ఎవరి సాలు వెనకబడితే గట్టు మీద నిలబడ్డ రైతు వాళ్ళ మీద అరుస్తాడు.

అక్కడొక పద్ధతి ఉంది. మధ్యలో ఎవరికైనా ఒంటికి వస్తే పక్కామెతో "నా సాలు జర చూడక్కా" అని చెప్పి, తోడుగా ఇంకొకామెను తీసుకుని చెట్ల చాటుకు పోతుంది. ఆమె వచ్చేదాకా అటుపక్క మనిషీ ఇటుపక్క మనిషీ తమ సాలుతోపాటు ఆమె సాలులో కాయలు కూడా ఏరుతూ ముందుకు తీసుకుపోతారు. తిరిగొచ్చేసరికి ఆమె సాలు అందరితో సమంగా ఉంటుంది. గట్టు మీద మనిషికి వరస వంకర కనపడదు. వచ్చినామె థాంక్స్ చెప్పదు. వాళ్ళూ ఎదురుచూడరు. రేపు వాళ్ళకూ వస్తుంది కాబట్టి. ఎవరూ రాసిపెట్టని ఈ పద్ధతి వల్ల రెండు ఎండాకాలాలు మిర్చి చేలో వంగి పనిచేసినా నేను ఒక్కరోజు మూత్రం ఆపుకోలేదు. పంఖా కింద కుర్చీలో కూర్చున్నాకే అది నేర్చుకున్నాను.

మార్చి నెలాఖరులో మంట మొదలైంది. వేడి చేసిందనుకున్నాను. సబ్జా గింజలు నానబెట్టి తాగుదామని, తాగితే లేవాల్సి వస్తుందని మానేశాను. వారం తర్వాత ఒక మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్న కాసేపటికి ఎడమవైపు నడుములోంచి నొప్పి లేచి పొత్తికడుపులోకి దిగింది. రెండు కాన్పులు అయినదాన్ని, నొప్పి అంటే తెలియనిదాన్ని కాదు. ఇది దానికంటే దుర్మార్గంగా ఉంది. చెమటలు కారిపోతున్నాయి. అయినా చేతిలో ఉన్న కాగితం పూర్తిచేసి, కోడ్ కొట్టి, పంపించాకే కుర్చీలోంచి కిందికి జారాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అత్తమ్మ చేని నుంచి వచ్చేసరికి నేను మిషన్ కింద ముడుచుకుని పడి ఉన్నాను. కూలీలను దింపిన ట్రాలీ ఆటో ఇంకా ఊళ్ళోనే ఉంది. అందులోనే నన్ను పడుకోబెట్టి కొత్తగూడెం తీసుకుపోయారు. ఆ ట్రాలీ నిండా మిరప దుమ్ము. దారి పొడుగునా తుమ్ములు. తుమ్మిన ప్రతిసారీ నడుములో కత్తి తిప్పినట్టయింది. అత్తమ్మ తన తలగుడ్డ తడిపి నా ముక్కుకు అడ్డం పెట్టి పట్టుకుంది.

రాయి ఉంది, దానితోపాటు చీము పట్టింది అన్నాడు డాక్టరు. అయిదు రోజులు ఉంచుకున్నాడు. పంపేటప్పుడు మా ఆయననూ అత్తమ్మనూ ఎదురుగా నిలబెట్టి చెప్పాడు. "రోజుకు మూడు లీటర్లు తాగాలె. వస్తే ఆపుకోవద్దు. ఇంకోపాలి ఇట్ల చీము పట్టి వస్తే ఆ కిడ్నీ మీద నాకు నమ్మకం లేదు."

ఇంటికొచ్చాక మా ఆయన పని మానెయ్యమన్నాడు. ఆయన పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్ తోలతాడు, గెలలున్న నెలల్లోనే పని. పిల్లల చదువులు నా ఉద్యోగం మీదే నడుస్తున్నాయని ఆయనకూ తెలుసు. అందుకే మానెయ్యమని ఒక్కసారే అన్నాడు, రెండోసారి అనలేదు. కిడ్నీ కావాలంటే లేవాలి, ఉద్యోగం కావాలంటే లేవకూడదు. నాకు రెండూ కావాలి. ఇందులో నా అత్యాశ ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మళ్ళీ పనిలో కూర్చున్న రోజు మధ్యాహ్నం అత్తమ్మ చేని నుంచి తొందరగా వచ్చింది. వచ్చి నా వెనక నిలబడి ఆ చుక్కను చాలాసేపు చూసింది.

"నువ్వు లేస్తే దీనికెట్ల ఎరుకైతది?"

మౌస్ చూపించాను. ఇది కదలకపోతే తెలుస్తుందని చెప్పాను.

"గంతేనా? దీన్ని అటిటు జరుపుతే ఊకుంటదా?"

"ఊకుంటది."

"మరి నేనెందుకున్న? లే. నువ్వు పోయిరా, నీ సాలు నేను చూస్త."

లేచాను. ఇరవై ఏళ్ళుగా చేలో చేస్తున్న పనిని ఆమె నా మిషన్ దగ్గరికి తెచ్చింది, అంతే. దానిలో దొంగతనం ఉందని ఆమెకు తట్టలేదు. చెప్పొద్దూ, నాకూ తట్టలేదు. కెమెరా సంగతి ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తొస్తే బాగుండేది.

మొదటిరోజు ఇంకో సంగతి జరిగింది. మిరపకాయలు ఏరిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. నేను తిరిగొచ్చి, ఆమె పట్టుకున్న మౌస్ పట్టుకుని, అలవాటుగా కన్ను నలుపుకున్నాను. అరగంటసేపు ఒంటి కన్నుతో పనిచేశాను. అత్తమ్మ నవ్వాపుకోలేక పెరట్లోకి పోయింది. దవాఖానా నుంచి వచ్చాక మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. మర్నాటి నుంచి మౌస్ పట్టుకునే ముందు చేతికి పాత చీరముక్క చుట్టుకునేది.

మిర్చి పని ఆఖరుకొచ్చింది. ముఠాను ఇంకొకామెకు అప్పగించి ఆమె ఇంటి దగ్గరే ఉండిపోయింది. నా పక్కన కుండలో నీళ్ళు పెట్టింది. చెంబు ఖాళీ అయితే ఏమీ అనకుండా ముంచి పెట్టేది. నేను లేవగానే వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుని, తలగుడ్డ సర్దుకుని, మౌస్‌ను చాలా శ్రద్ధగా అటూ ఇటూ జరిపేది. రోజుకు ఆరేడుసార్లు లేచాను. ఒక్క పసుపు లేదు. పదిహేను రోజులకు మంట పోయింది. పరీక్ష చేసి డాక్టరు కూడా చీము తగ్గిందన్నాడు.

ఆ మర్నాడే మెయిల్ వచ్చింది. దానితోపాటు ఒక ఫొటో. లాప్‌టాప్ మీది కెమెరా అప్పుడప్పుడు తనంతట తనే ఫొటో తీస్తుందని ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో రాసి ఉందట. ఫొటోలో మా అత్తమ్మ ఉంది. తలకు గుడ్డ, చేతికి చీరముక్క, ముఖంలో ముఠా పెద్ద గాంభీర్యం. కింద ఎర్ర అక్షరాల్లో, అనుమతి లేని వ్యక్తి అని రాసి ఉంది. మర్నాడు పదకొండింటికి మీటింగుకు రమ్మన్నారు. పదకొండింటికి, అంటే నాకిచ్చిన పది నిమిషాల విరామంలోనే. దాన్నీ వదల్లేదు.

మీటింగులో ఇద్దరున్నారు. ఒకాయన ఆఫీసు మనిషి, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆయన. రెండో మనిషి మా టీమ్ లీడర్. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న పిల్ల, హైదరాబాదులోనే ఇంటి నుంచి పని చేస్తుంది. ఇన్నాళ్ళూ నాకు "అంతా ఓకేనా అండీ?" అని పంపింది ఈ పిల్లే. ఆమెను చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. రోగుల వివరాలున్న స్క్రీన్ ముందు బయటి మనిషిని కూర్చోబెట్టడం చాలా పెద్ద తప్పన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, నేను కాదనను. నా జబ్బు కాగితాలు ఎవరి ఇంట్లోనో ఎవరో చూస్తే నాకూ బాధే. అదే చెప్పి క్షమాపణ అడిగాను. మా అత్తమ్మకు చదువు రాదని, నేను మరుగుదొడ్డికి పోయినప్పుడు మౌస్ కదిపిందంతేనని చెప్పాను. మరి విరామాలు ఇస్తున్నాం కదా అన్నాడాయన. డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించాను. అది పంపించండి, పరిశీలిస్తాం అన్నాడు. పరిశీలిస్తారట. నేను ఒంటికి పోవచ్చో లేదో ఒక కమిటీ పరిశీలిస్తుంది.

గడపలో కూర్చున్న అత్తమ్మ లేచి వచ్చింది. "నా ఫొటో తీసి ఆమెను అడుగుతరేంది, నన్ను అడుగున్రి" అంటూ కుర్చీ పక్కన వంగి కెమెరాలోకి చూసింది.

"సారూ, నేను ఇరవై ఏండ్ల సంది ముఠా నడుపుతున్న. మా కాడ ఒక మనిషి ఒంటికి పోతే పక్క మనిషి ఆమె సాలు చూస్తది. గట్ల చూసినందుకు ఇప్పటిదాక ఏ రైతు మమ్ముల పంచాయితీకి పిలవలే."

"అమ్మా, ఇది పొలం కాదమ్మా" అన్నాడాయన, నవ్వుతూనే.

"అవ్. పొలం అయితే చెట్ల చాటన్న ఉంటుండె."

ఆయన నవ్వు ఆగింది. అత్తమ్మ గొంతు పెంచలేదు. సాళ్ళు పంచేటప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే అడిగింది.

"నేను కూసునుడు తప్పంటిరి, ఇగ కూసోను. మరి మీ కాడ ఈ పిల్ల లేస్తే పక్క సాలుల ఎవరున్నరో చెప్పున్రి. వాళ్ళకే చెప్పి లేస్తది."

టీమ్ లీడర్ తల వంచుకుంది. ఆయన, మెయిల్ పంపిస్తాం అని కాల్ కట్ చేశాడు.

మెయిల్ మధ్యాహ్నానికి వచ్చింది. ఇదే ఆఖరి హెచ్చరిక, మళ్ళీ జరిగితే ఉద్యోగం ఉండదు. డాక్టరు చీటీ గురించి ఒక్క ముక్క లేదు. ఆఖరున మాత్రం ఎప్పటిలాగే నీటిచుక్క బొమ్మ, దాని పక్కన, నీళ్ళు తాగండి, ఆరోగ్యంగా ఉండండి. లాప్‌టాప్ తీసుకెళ్ళి పశువుల తొట్టిలో పడేద్దామన్నంత కోపం వచ్చింది. పడెయ్యలేదు. చుక్క పసుపు కాకముందే మౌస్ కదిపాను.

మూడింటికి తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. టీమ్ లీడర్. ఆఫీసు నంబర్ కాదు, తన సొంత ఫోన్. ఇంకా ఏం మిగిలిందని చేసిందో, నాలుగు దులిపేద్దామని ఎత్తాను.

"అక్కా, ఒకటి అడగనా?" అంది. ఎప్పుడూ అండీ అనే పిల్ల. గొంతు చాలా చిన్నగా ఉంది. "నీకు ఫస్ట్ ఎట్లా స్టార్ట్ అయింది? మంట ఒక్కటేనా, వెనకవైపు నొప్పి కూడా ఉండేదా?"

నేను దులిపేద్దామనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. పన్నెండు రోజులంది. నిన్నటి నుంచి చలిజ్వరం అంది. మీ ఇంట్లో బాత్రూం పక్కనే ఉంటుంది కదా అన్నాను. "పదడుగులే అక్కా. కానీ పదకొండుమంది డౌట్లు అడుగుతుంటారు. రెండు నిమిషాల్లో రిప్లై ఇవ్వకపోతే నాది పసుపవుతుంది. నాది కూడా ఎవరో చూస్తారు."

అంటే మా చుక్కలు కాపలా కాసే మనిషి పక్కన కూడా ఒక చుక్క ఉంది. ఎక్కడిదాకా పోతుందో ఈ వరస. ముందు దవాఖానాకు పొమ్మన్నాను, చలిజ్వరమంటే చీము పట్టిందన్నమాట, ఆలస్యం చెయ్యొద్దన్నాను. కోడ్ కూడా చెప్పబోయి ఆపుకున్నాను. ఆ వేళ ఆమె దవాఖానాకు పోయివచ్చేదాకా టీమ్ డౌట్లన్నీ నా వైపు మళ్ళించింది. నా కాగితాలు నేను చూసుకుంటూనే పదిమందికీ జవాబులు రాశాను. ఏదో సాకు చెప్పి తన చుక్కను బూడిదరంగులో పెట్టుకుని పోయింది. సమయానికి పోయింది, మంచం ఎక్కకుండా మందులతో బయటపడింది.

అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు ఆమె నాకు కాల్ పెడుతుంది. పని నాణ్యత పెంచుకోవడంపై శిక్షణ అని దానికి పేరు. కాల్‌లో ఉన్నంతసేపు ఎవరి చుక్కా పసుపు కాదు, డౌట్లు కూడా ఆగుతాయి. ఈ కాల్‌కు కెమెరా వెయ్యనక్కర్లేదు, కాల్ నడిచినంతసేపు అది తనంతట తను ఫొటో కూడా తీయదు. నేను హెడ్‌ఫోన్ తీసి కుట్టుమిషన్ మీద పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి, బర్రెను జరిపి పెరట్లోకి పోతాను. అవతల ఆమె కూడా కుర్చీలో ఉండదు. పది నిమిషాల తర్వాత ఇద్దరం వచ్చి కాల్ పెట్టేస్తాం. మిగతా పదిమందికీ ఇలాంటి శిక్షణే మొదలైంది. మా టీమ్‌లాగా ఇంత శిక్షణ తీసుకుంటున్న టీమ్ ఇంకొకటి లేదని మొన్న ఆ ఆఫీసాయనే మెచ్చుకున్నాడట.

దీన్ని గెలుపు అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లల తల్లులం, జ్వరాలు పడి లేచినవాళ్ళం, ఒంటికి పోవడానికి దొంగ మీటింగులు పెట్టుకుని బతుకుతున్నాం. నాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు పడాల్సింది నేను కాదని తెలిసీ సిగ్గుగానే ఉంది.

అత్తమ్మ మళ్ళీ ముఠాతో పోతోంది, ఇప్పుడు మొక్కజొన్న పనికి. మొన్న వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగింది.

"ఇప్పుడు నీ సాలు ఎవరు చూస్తున్నరే?"

"ఆ రోజు తల దించుకున్న పిల్లే అత్తమ్మా."

"ఆమెది?"

"నేను."

ఆమె తల ఊపి, కుండలోకి తొంగిచూసి, నీళ్ళు తక్కువ ఉన్నాయని బిందె ఎత్తుకుని పోయింది. అప్పుడే ఫోన్ టింగుమంది, నీళ్ళు తాగారా అని. నేను చెంబెత్తి తాగాను కానీ ఏమీ నొక్కలేదు. ఎవరికి వాళ్ళమే నొక్కడం మానేశాం. ఈ నెల పట్టికలో మా టీమ్ అందరికంటే కింద ఉంది.